పొయ్యి ముందు బండ

గోడ గడియారం లోలకాన్ని రొనాన్ రెండు వేళ్ళతో పట్టుకుని ఆపినప్పుడు యూనా ముళ్ళ వంకే చూసింది.

"ఏమీ అనుకోకండమ్మా. ఆ టిక్కుటిక్కు మైకులోకి వచ్చేస్తుంది," అన్నాడతను. బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన రికార్డింగ్ ఇంజనీరు. మర్యాద తెలిసినవాడే. బూట్లు బురదయ్యాయని గుమ్మం దగ్గరే విప్పేసి మేజోళ్ళతో లోపలికి వచ్చాడు.

ఫిబ్రవరిలో ఆ గడియారాన్ని ఆమే ఆపింది. అన్న కోనల్ ప్రాణం పోయిన నిమిషానికి, పావుతక్కువ ఏడుకి ఆపి, మట్టి చేసి వచ్చాక మళ్ళీ తిప్పింది. ఇప్పుడు పదీ పది దగ్గర నిలబడిపోయిన ముళ్ళని చూస్తే, ఈసారి పోయిందెవరు అనిపించింది. అనిపించడం కూడా ఎక్కడో దూరంగా, పక్కింట్లో ఎవరికో అనిపించినట్టు. ఎనిమిది నెలలుగా అంతే. రొట్టెకి పిండి కలుపుతుంటే మజ్జిగ చల్లదనం చేతులకి తెలిసేది కాదు. ఇనప పొయ్యి అంచు తగిలి మణికట్టు కాలితే, మర్నాడు బొబ్బ చూసుకుని గాని కాలిందని తెలియలేదు.

ఫ్రిజ్ ప్లగ్గు పీకేశారు. నేల మీద నల్లటి వైర్లు పరిచి పైన పట్టీలు అంటించారు. కిటికీ కింద తిరిగే కోళ్ళని కొట్టంలోకి తోలి తలుపు వేశారు. వెన్న కరిగిపోతుందని యూనా గిన్నె తీసుకెళ్ళి బయటి గోడ మీద, చలిగాలి తగిలే చోట పెట్టి వచ్చింది.

"మూడు రోజులే అత్తా. తర్వాత నీ ఇల్లు నీకు," అంది ఆర్లా, ఫిడేలు పెట్టె తెరుస్తూ.

ఆర్లా ఆమె తమ్ముడు హ్యూయీ కూతురు. పుట్టిందీ పెరిగిందీ గ్లాస్గోలో, వేసవి సెలవులన్నీ మాత్రం ఈ వంటింట్లో. వేలు పట్టుకుని ఫిడేలు నేర్పింది పెదనాన్న కోనల్. ఇప్పుడు ఆమెకో బృందముంది. పేరు "మూడు పొయ్యిలు". మూడు ఊళ్ళ వంటిళ్ళలో పుట్టిన బాణీలని కలిపి వాయిస్తారు. ఈ డొనెగాల్ వంటిల్లు ఆర్లాది. స్కాట్లండ్ దీవుల నుంచి లాకీ, వాళ్ళ తాత చంకలోంచి తన చంకలోకి వచ్చిన చిన్న తిత్తివాయిద్యంతో. బ్రిటనీ నుంచి నోల్వెన్ అనే అమ్మాయి, ఒళ్ళో పట్టేంత తీగల హార్ప్‌తో. నోల్వెన్‌కి మాటలు తక్కువ, ఆకలి ఎక్కువ. యూనాకి ఆమె గురించి దిగులేమీ లేదు. పెట్టింది తింటుంది.

కోనల్ జ్ఞాపకార్థం ఒక రికార్డు చేస్తున్నారు. అది ఆయన వంటింట్లోనే చెయ్యాలని ఆర్లా పట్టు.

ఆర్లా పెదనాన్న కుర్చీలో కూర్చుంది. యూనా తన చోటికి, పొయ్యికి ఎడమ పక్కన కురచ కాళ్ళ పీట మీదికి వెళ్ళి కూర్చుంది. అక్కడ కాకపోతే ఎక్కడ కూర్చోవాలో ఆమెకి తెలియదు.

మొదలుపెట్టారు. ఒకసారి వాయించారు. రెండోసారి సగంలో రొనాన్ చెయ్యెత్తాడు.

"ఆగండాగండి. ఏదో దబ్బుదబ్బుమంటోంది."

"నా కడుపు," అన్నాడు లాకీ. "నోల్వెన్ రొట్టంతా తినేసింది."

రొనాన్ నవ్వి, నీళ్ళ పైపు దగ్గర చెవి పెట్టి విన్నాడు. తలుపు కదిపి చూశాడు. మళ్ళీ వాయించమన్నాడు. ఈసారి ఆర్లా ఫిడేలు విల్లు దించి, కిందికి చూసింది.

"అత్తా, నీ కాలు."

"నా కాలా?"

యూనా వంగి చూసుకుంది. కుడి మడమ గాలిలో ఉంది. దాన్ని ఎత్తింది తానేనని ఆమెకి తెలియలేదు. ఫిబ్రవరి తర్వాత అది లేవడం ఇదే మొదలు.

అందరూ నవ్వారు. మంచి నవ్వే.

"మా దీవిలో ముసలమ్మ కాలు ఆపమన్నవాణ్ణి సముద్రంలో పారేస్తారు," అన్నాడు లాకీ.

"కాలు తప్పు కాదు, పొయ్యి ముందు బండది తప్పు," అంది ఆర్లా రొనాన్‌తో. "దాని కింద గుర్రం పుర్రె ఉంది. అడుగు వేస్తే ఇల్లంతా మోగాలని మా ముత్తాత పాతిపెట్టాడు."

"నిజంగానా? ఎవరి గుర్రం?"

"మాదే. పోలీ," అంది యూనా. "బతికున్నన్నాళ్ళూ ఒక్క అడుగు తిన్నగా వెయ్యలేదట. చచ్చాకైనా తాళం నేర్చుకుంటుందని పాతారు."

రొనాన్ పగలబడి నవ్వాడు. నవ్వు అయ్యాక, "అయినా అమ్మా, ఏదైనా మెత్తటిది…" అన్నాడు.

ఆర్లా లోపలి గదిలోకి వెళ్ళి మంచం మీది బూడిదరంగు దుప్పటి తెచ్చింది. కోనల్ కప్పుకునేది. నాలుగు మడతలు పెట్టి అత్త కాళ్ళ కింద దూర్చింది. ఎంతో ప్రేమగా, చలికి పెట్టినట్టు.

ఆ తర్వాత మడమ ఇంకో రెండు మూడుసార్లు లేచింది. దిగిన చోట చప్పుడు లేదు. కాసేపటికి లేవడం మానేసింది.

రెండోరోజు పొద్దున్న ఆర్లా తన సంచీలోంచి ఒక అట్టపెట్టె తీసింది. అందులో గోధుమరంగు టేపు చక్రం. ఇరవై ఏడేళ్ళ కిందట ఊరి మాస్టారు తన కొత్త యంత్రం తెచ్చి ఈ వంటింట్లోనే పట్టిన టేపు. కోనల్ వాయిద్యం మిగిలింది అదొక్కటే. రొనాన్ దాన్ని తన పెట్టెకి తగిలించి మీట నొక్కాడు.

యూనా టీ కెటిల్ పట్టుకుని నిలబడి ఉంది.

ముందు వాన చప్పుడులా ఒక గరగర. తర్వాత ఫిడేలు. దాని కింద, అడుగున, ధన్… ధన్… ధన్…

"వినండి! పెదనాన్న కాలు," అంది ఆర్లా గుసగుసగా.

"అబ్బ," అన్నాడు రొనాన్. "డోలు అక్కర్లేదు."

యూనా కెటిల్ పొయ్యి మీద పెట్టడం మరిచిపోయింది. ఆ చప్పుడు చేసిన గోధుమరంగు బూటు ఆమెకి గుర్తుంది. కిల్లీబెగ్స్ సంతలో కొని, మడమకి చెప్పులు కుట్టేవాడి చేత ఇనప నాడా కొట్టించింది. అరిగిపోయాక రెండుసార్లు మార్పించింది.

బాణీ రెండో సగంలోకి వచ్చింది. అందరూ తలలు ముందుకి వంచారు. అక్కడ ఆ విరుపు వస్తుంది. తాళం చటుక్కున ఆగుతుంది. రెండు దెబ్బల మేర ఏమీ ఉండదు. మళ్ళీ ధన్, మళ్ళీ ఫిడేలు. ఆ విరుపు వల్లే ఈ బాణీకి పేరొచ్చింది. ఆర్లా దాన్ని ఈ టేపు విని నేర్చుకుంది. గ్లాస్గోలో పిల్లలకి నేర్పింది. పోటీల్లో వాయించే పిల్లలు అక్కడ విల్లు గాలిలో నిలబెట్టి కళ్ళు మూసుకుంటారు. డొనెగాల్ పాతకాలపు పద్ధతి అదేనని రేడియోలో ఒకాయన అరగంట మాట్లాడాడు కూడా.

టేపులో విరుపు వచ్చింది. చిన్నగా ఒక టక్. ఆ తర్వాత ఖాళీ.

ఆ ఇంట్లో ఎవరినైనా దూరదేశం సాగనంపేటప్పుడు ఏడవరు. వాయిస్తారు. వెళ్ళేవాడి చెవిలో ఏడుపు పడకూడదని అమ్మ పెట్టిన నియమం. టేపు పట్టిన ఆ సాయంత్రం సందు చివర బస్సు ఆగి ఉంది. హ్యూయీ తాడు కట్టిన సూట్‌కేసు ఎత్తాడు. కోనల్ వాయిస్తున్నాడు, మాస్టారి యంత్రం తిరుగుతోంది. హ్యూయీ ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళి గొళ్ళెం ఎత్తాడు. అంతవరకు ఆగకుండా కొడుతున్న యూనా మడమ, పైకి లేచినది, అక్కడే ఉండిపోయింది. కోనల్ విల్లు కూడా ఉండిపోయింది. అతను ఆమె కాలు వైపు చూశాడు. మొహం చూడలేదు. వెళ్ళేవాడు వెనక్కి తిరుగుతాడేమోనని భయమేసి ఆమె కాలు దించింది. కోనల్ అందుకున్నాడు.

"అది…" అంది యూనా.

ఎవరూ వినలేదు. రొనాన్ గట్టిగా చప్పట్లు కొట్టాడు.

"నాకో ఆలోచన. ఈ కాలుని శుభ్రం చేసి విడిగా తీస్తాను. మీ వాయిద్యం కింద ఇదే పెడదాం. ఫిడేలు ఆర్లాది, తాళం కోనల్ గారిది. ఆయన పక్కన కూర్చుని వేసినట్టే."

ఆర్లా తలాడించింది. బుగ్గల మీంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు. లాకీ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ ఏడుపు ముందు ఇంకేం మాట్లాడుతుంది. యూనా కప్పుల్లో టీ పోసింది. ఒక కప్పు పొంగి పళ్ళెంలోకి దిగింది. పళ్ళెంలోది మళ్ళీ కప్పులోకి వంచింది.

మధ్యాహ్నం రొనాన్ ఆర్లాని వాకిట్లోకి పిలిచి ఏదో చెప్పాడు. ఆర్లా లోపలికి వచ్చి అత్త పక్కన గొంతుక్కూర్చుంది.

"అత్తా, ఈ పీట కిర్రుమంటోందట. నువ్వు కాసేపు బ్రీజ్ పిన్ని దగ్గర కూర్చుని రాకూడదూ? ఈ పూటకే. నీకూ విసుగు కదా."

"విసుగేముంది."

"వెళ్ళొస్తావా మరి?"

"వెళ్తాను," అని యూనా కోటు వేసుకుంది. తలుపు తీస్తూ గొళ్ళెం చప్పుడవకుండా వేలు అడ్డం పెట్టింది. మైకు పట్టేస్తుందని.

బ్రీజ్ ఇల్లు పొలం గట్టుకి అవతల. ఎనభై నిండినా ఆమెకి చెవులూ నోరూ రెండూ పదునే.

"ఏమే, మూడు రోజులు తలుపులు వేసుకుంటానన్నావు. గాలి తోలిందా?"

"ఊరికే వచ్చాను."

"ఊరికే వచ్చేదానివి ఏప్రాన్ విప్పి వచ్చేదానివి. నీ ఇంట్లోంచి నిన్ను తోలేశారా?"

"తోలలేదు. పీట కిర్రుమంటోందట."

"పీటా? నువ్వా?" బ్రీజ్ ఉడికిన బంగాళాదుంపలు బల్ల మీద కుమ్మరించి, ఒకటి ఆమె ముందుకి దొర్లించింది. "తిను. మొహం చూడు, గోడకి సున్నం వేసినట్టు."

యూనా పొట్టు తీస్తూ టేపు సంగతి చెప్పింది. ఎవరి కథో చెప్పినట్టు చెప్పింది. బ్రీజ్ చేతిలో ఉప్పు చేతిలోనే ఉంది.

"కోనల్ కాలా! కోనల్‌కి కాలెక్కడిదే? నాతో మూడుసార్లు డాన్సు చేశాడు, మూడుసార్లూ నా వేళ్ళు చితక్కొట్టాడు. ఫిడేలు పట్టుకుంటే చేతులే గానీ వాడికి నడుం కింద ఏమీ ఉండేది కాదు. నీ కాలు లేకపోతే ఆ బాణీ ఎక్కడ మొదలవుతుందో కూడా వాడికి తెలియదు. వెళ్ళి చెప్పు."

"ఏమని చెప్పను? పోయినవాడి కాలు పీక్కోనా? ఆ పిల్ల ఏడుస్తోంది."

"ఏడవనీ. తప్పు కాలికి ఏడుస్తోంది."

"ఎల్లుండి పొద్దున్నే ఓడ ఎక్కేస్తారు బ్రీజ్."

 ఇద్దరూ కిటికీ వైపు చూస్తూ కూర్చున్నారు. గట్టు మీదుగా ఫిడేలూ తిత్తీ సన్నగా వినిపిస్తున్నాయి. యూనాకి కావలసింది పేరు కాదు. వీళ్ళు వెళ్ళిపోతే ఆ వంటింట్లో ఇక వాయించేవాళ్ళు లేరు. ఆ పీట మీద కూర్చుని, మెత్తటిదేదీ అడ్డం లేకుండా, ఇంకొక్కసారి తాళం వెయ్యాలి. అంతకన్నా ఏం కావాలో ఆమెకి తెలియదు. అది మాత్రం తెలుసు. అది కూడా తిండి పెట్టమని అడిగినట్టు నోరు విడిచి అడగలేదు.

"ఉప్పులేని దుంపలా ఉంది," అంది బ్రీజ్, ఆ వాయిద్యానికి చెవి అప్పగించి.

మూడోరోజు పొద్దుటి నుంచి రొనాన్ మొహం మాడ్చుకుని ఉన్నాడు. టేపులోని కాలు వీళ్ళ వాయిద్యం మీద కూర్చోవడం లేదు. పాత యంత్రం ఒకచోట జోరుగా, ఒకచోట నీరసంగా తిరిగింది. ఎంత సాగదీసినా, ఎంత కత్తిరించినా కుంటుతోంది. చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పడేశాడు.

"కుదరదు. వదిలేద్దాం."

"తాళం లేకుండానా?" అంది ఆర్లా. "అది పెదనాన్న రికార్డేం అవుతుంది?"

"నేను వేస్తాను," అన్నాడు లాకీ. వేశాడు. బాగానే వేశాడు. అది దీవుల తాళం, అలల మీద పడవ ఊగినట్టు. ఆర్లా విల్లు దాని మీద నిలవలేదు.

యూనా పొయ్యి తలుపు తీసి, వంటచెరకుగా వాడే పీట్ మట్టిగడ్డల ముక్కలు వేస్తోంది. ఒకటి, రెండు. మూడోది వేసేసరికి వెనక మాటలు ఆగిపోయాయి.

"అత్తా," అంది ఆర్లా. "పెదనాన్న పక్కన యాభై ఏళ్ళు కూర్చున్నావు. ఆయనలా వెయ్యడం నీకేమైనా వస్తుందేమో, ఒకసారి చూస్తావా?"

యూనా చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంది.

"అచ్చం అలాగే రానక్కర్లేదమ్మా," అన్నాడు రొనాన్. "దాదాపుగా వస్తే చాలు. కొంచెం గట్టిగా. ఆ విరుపు మాత్రం మరిచిపోకండి. అందులోనే ఉంది ప్రాణం."

"చూస్తాను," అంది యూనా.

గదిలోకి వెళ్ళి మంచం కింద నుంచి తన గోధుమరంగు బూట్లు లాగింది. దుమ్ము. ఏప్రాన్ చెంగుతో తుడిచింది. కుడి మడమ నాడా ఒక పక్క అరిగి చంద్రవంకలా ఉంది. తాళ్ళు బిగించింది. ముడి రెండుసార్లు తప్పి మూడోసారికి పడింది. తిరిగి వచ్చి, పీట ముందున్న దుప్పటి తీసి, దులిపి, మడిచి, కుర్చీ వీపు మీద వేసి కూర్చుంది. తలుపు పక్కన ఆర్లా సూట్‌కేసు సర్ది నిలబెట్టి ఉంది. మర్నాడు పొద్దున్నే బయల్దేరాలి.

రొనాన్ వేలు ఊపాడు.

మడమ దిగింది. బండ మోగింది. నోల్వెన్ ఉలిక్కిపడి, తర్వాత చిన్నగా నవ్వింది. ఆర్లా విల్లు నాలుగు దెబ్బలు ఆగి అందుకుంది. లాకీ తిత్తి, నోల్వెన్ తీగలు ఒకదాని వెంట ఒకటి వచ్చి కలిశాయి. రొనాన్ తన పెట్టె మీద నుంచి తలెత్తి ఆమె కాలినే చూశాడు.

రెండో సగం వచ్చింది. విరుపు చోటు వచ్చింది. లాకీ ఆగాడు. నోల్వెన్ ఆగింది.

యూనా ఆగలేదు. ధన్, ధన్, మడమ దిగుతూనే ఉంది. ఆర్లా విల్లు ఆగబోయి, ఆగలేక, ఆ దెబ్బల వెంట లాక్కుపోయినట్టు వెళ్ళిపోయింది. పది దెబ్బల తర్వాత అంతా చిందరవందరై నిలిచిపోయింది.

"అయ్యో. బ్రహ్మాండంగా వచ్చిందమ్మా," అన్నాడు రొనాన్. "విరుపొక్కటే మరిచారు. కోనల్ గారు టేపులో అక్కడ కచ్చితంగా కాలు ఆపుతారు. మళ్ళీ వింటారా?"

"వద్దు."

"ఒక్క ముక్క. వింటే మీకే…"

"కోనల్ మేజోళ్ళతో వాయించేవాడు," అంది యూనా.

రొనాన్‌కి అర్థం కాలేదు.

"పొలం నుంచి వస్తే బూట్లు తడి కదా. గుమ్మం దగ్గర విప్పేసేవాడు. నీలాగే."

అందరూ రొనాన్ కాళ్ళ వైపు చూశారు. అతనూ చూసుకున్నాడు. మేజోళ్ళ కాలు ఎత్తి బండ మీద వేశాడు. ఏమీ వినపడలేదు.

"బొటనవేలు," అంది ఆర్లా నెమ్మదిగా. "చిల్లులోంచి బయటికి ఉండేది. గడ్డిపరకతో చక్కిలిగిలి పెట్టేదాన్ని. వాయిస్తూనే తన్నేవాడు." ఆగింది. "అన్ని వేసవులు… నేను ఆ పక్కనే కదా కూర్చునేదాన్ని."

లేచి వెళ్ళి హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని టేపు వేసుకుంది. ఒకసారి. వెనక్కి తిప్పి మళ్ళీ. మూడోసారి కళ్ళు మూసుకుని.  పొయ్యిలో పీట్ ముక్క ఒకటి విరిగి కూలింది.

"ముందు కాలు ఆగింది," అంది. "తర్వాత పెదనాన్న ఆగాడు. ఆయన ఆపలేదు." చెవులవి తీసింది. "వాటి మధ్య ఒక టక్. అదేంటత్తా?"

"గొళ్ళెం."

ఆర్లా తలుపు వైపు చూసింది.

"మీ నాన్న. బస్సుకి వెళ్తూ."

లాకీ తిత్తి మీంచి చెయ్యి తీశాడు. "అయితే ఈ ఆరేళ్ళూ నేను వాయిస్తున్నది… మీ నాన్న తలుపు తియ్యడమా?"

ఎవరూ నవ్వలేదు. అతనూ నవ్వించడానికి అనలేదు.

రొనాన్ వైర్లని చూస్తూ మెల్లిగా అడిగాడు. "మరి ఇప్పుడు? విరుపుతోనా, లేకుండానా? జనానికి తెలిసింది విరుపుతోనే."

ఆర్లా పెదనాన్న కుర్చీలోంచి లేచింది. కుర్చీని ఈడ్చుకొచ్చి, అత్త పీటకి ఎదురుగా, బూట్లు కనపడేలా వేసుకుని కూర్చుంది. లాకీని ఇటు రమ్మంది, నోల్వెన్‌ని అటు. రొనాన్ మైకులు మార్చడానికి పరిగెత్తాడు.

"నన్నడక్కు. ఆవిణ్ణీ అడక్కు," అంది. "ఆవిడ ఆగితే ఆగుతాం."

రొనాన్ వేలు ఊపబోయి, చెయ్యి దించేసి, యూనా వైపు చూశాడు. అందరూ అటే చూస్తున్నారు.

మడమ దిగింది.

మొదటి సగం అయింది. మళ్ళీ తిరిగి అయింది. ఆర్లా తీగల వంక చూడటం లేదు. గోధుమరంగు బూటునే చూస్తోంది, కోనల్ చూసినట్టే. బండ కింద పోలీ పుర్రె బోలుగా పలుకుతోంది. యూనా అరికాల్లో చురుక్కుమంది. ఆమెకి ముందు అదేంటో తెలియలేదు. అరిగిన నాడా పక్కన మేకు మొన ఒకటి పైకి లేచి, దెబ్బదెబ్బకీ గుచ్చుకుంటోంది. నొప్పి. చాలా కాలానికి.

రెండో సగం. విరుపు చోటు దగ్గరికి వస్తోంది. లాకీ మోచెయ్యి బిగుసుకుంది. నోల్వెన్ వేళ్ళు తీగల మీద నిలబడ్డాయి. యూనా మడమ పైకి లేచింది. ఆమె తలెత్తి తలుపు వైపు చూసింది. సూట్‌కేసు అక్కడే ఉంది. గొళ్ళెం తన గాడిలో తాను పడుకుని ఉంది.

ఎవరూ దాన్ని ఎత్తలేదు.

మడమ దిగింది.